ఫ్యాన్ మోత, మదర్‌బోర్డు లెక్క

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని పిలిస్తే ఈవిడ ల్యాప్‌టాప్ ఫ్యాన్ గురించి మొదలుపెట్టిందేమిటి అని మీకు అనిపించవచ్చు. మన దగ్గరికొచ్చే స్త్రీల వాంగ్మూలాలు, భరణం కేసుల కాగితాలు, ఇంట్లో కూర్చుని పనిచేసే వాళ్ళ జీతం అన్నీ ఈరోజు ఆ పెట్టెలోనే ఉన్నాయి. అది ఆగిపోతే ఆగేది మన పని.

కిందటి వేసవిలో నా ల్యాప్‌టాప్ ఆన్ చేసిన నిమిషం నుంచీ పిండిమరలా మోత మొదలుపెట్టింది. ఏ పనీ చెయ్యకపోయినా అదే మోత. సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్ళాను. కౌంటర్ దగ్గరి అబ్బాయి "పరుపు మీద పెట్టి సినిమాలు చూస్తారా మేడమ్?" అని అడిగి, నా జవాబు వినకుండానే తోడొచ్చిన మా మేనల్లుడి వైపు తిరిగాడు. మదర్‌బోర్డు మార్చాలి, 18 వేలవుతుంది అని వాడికి చెప్పాడు. వాడు చదివేది బి.కాం. డబ్బివ్వాల్సింది నేను.

ఇంటికొచ్చి, తయారీదారు వెబ్‌సైటులో నా మోడల్ నంబరు కొట్టి చూశాను. కొత్త ఫర్మ్‌వేర్ ఉంది. దాని కింద ఒకే ఒక్క వాక్యం: ఫ్యాన్ అనవసరంగా వేగంగా తిరిగే లోపాన్ని సరిచేశామని. ఉచితం. ఇరవై నిమిషాల పని.

ఇందులో మాయేమీ లేదు. ప్రాసెసర్ వేడిని రాగి గొట్టం బయటి అంచుకు మోసుకొస్తుంది, ఫ్యాన్ దాన్ని బయటికి తోస్తుంది. ఎంత వేడికి ఎంత వేగం అన్నది చాలా ల్యాప్‌టాప్‌లలో నిర్ణయించేది ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్. దానిలో రాసిపెట్టిన ఆదేశాలే ఫర్మ్‌వేర్. (1967లో ఆషర్ ఓప్లర్ ఈ మాట వాడాడు, హార్డ్‌వేర్‌కీ సాఫ్ట్‌వేర్‌కీ మధ్యది అని.) మూడు విజిళ్ళకి దించాల్సిన కుక్కర్‌ని ఒక్క విజిల్‌కే దించమని ఎవరైనా రాసిపెడితే తప్పు బియ్యానిదీ కాదు, కుక్కర్‌దీ కాదు, రాసిన మాటది. వంటింటి పోలిక తెచ్చానని కోప్పడకండి, మగవాళ్ళ సభలోనూ ఇదే చెబుతాను.

అలాగని ప్రతి మోతకీ మందు ఇదే కాదు. గాలి రంధ్రాల్లో దుమ్ము పేరుకుందేమో ముందు చూడండి. గరగరమని రాపిడి శబ్దం వస్తుంటే అరిగింది ఫ్యానే, దాన్ని మార్చాల్సిందే. ఫ్యాన్ అసలు తిరగకుండా యంత్రం కాలిపోతుంటే ఆపేసి రిపేరుకివ్వండి.

అప్‌డేట్ చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి, రాసుకోండి. ఫైలు తయారీదారు దగ్గరిదే, సరిగ్గా మీ మోడల్‌దే తీసుకోండి. ముఖ్యమైన కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి, అప్‌డేట్ అయ్యేదాకా దాన్ని తాత్కాలికంగా నిలిపెయ్యండి. లేకపోతే యంత్రం మళ్ళీ లేచి తాళంచెవి అడుగుతుంది. బ్యాటరీ నిండుగా ఉండాలి, ఛార్జరూ పెట్టి ఉండాలి. మధ్యలో తెర నల్లబడుతుంది, ఫ్యాన్ ఒక్కసారి గట్టిగా అరవనూ వచ్చు. భయపడి బటన్ నొక్కకండి. సగం రాసిన ఫర్మ్‌వేర్‌తో యంత్రం అసలు లేవకపోవచ్చు.

నేనూ భయపడ్డాను. సమాజశాస్త్రంలో డాక్టరేటు ఉన్నా ఆ నల్ల తెర ముందు చేతులు వణికాయి. ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పితే తమ్ముణ్ణి మెచ్చుకున్నారు, నేను ముట్టుకుంటే పాడవుతుందన్నారు. 1946లో అమెరికాలో ఎనియాక్‌ని లోకానికి ప్రదర్శించినప్పుడు దానికి ప్రోగ్రాములు రాసిన ఆరుగురు స్త్రీలను ఆ సభకు పరిచయం చెయ్యలేదు. యంత్రాన్ని నడిపిన వాళ్ళ గతే అదైతే కౌంటర్ ముందు నిలబడ్డ నా సంగతి చెప్పాలా?

ఇక చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపానికిచ్చిన నిర్వచనం చదవండి. అవసరమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా అందులో ఉంది. ఉచిత అప్‌డేట్ ఉందని తెలిసీ 18 వేల బోర్డు అంటగట్టాలనుకోవడం అదే కదా? తెలియక చెప్పాడంటారా, అప్పుడు రాసిమ్మని అడగండి. ఏ పరీక్ష చేశారు, ఏ భాగం పోయింది, ఎంతవుతుంది అన్నీ కాగితం మీద. అడగగానే చాలా బోర్డులు బాగైపోతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసింది, ఆ డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచారు. కానీ పోర్టల్‌లో కంపెనీ పేరు కనబడడం ఒకటి, ఆ కంపెనీ వాళ్ళు కౌంటర్ దగ్గర మన ముఖం చూసి మాట్లాడడం ఇంకొకటి.

నేను మళ్ళీ ఆ సెంటర్‌కి వెళ్ళాను, ఈసారి ఒక్కదాన్నే. నిశ్శబ్దంగా ఉన్న ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి, మదర్‌బోర్డు సంగతేమిటన్నాను. ఆ అబ్బాయి చాలాసేపు తెర వైపే చూశాడు. తర్వాత ఎలా చేశారని నన్నే అడిగాడు.

మధ్యాహ్నం మూడింటికి ఇక్కడ కరెంటు పోతుందంటున్నారు. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు ఛార్జర్లతో కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. ముందు వెర్షన్ నంబర్లు రాసుకుందాం.