సురభి పిల్లలు

హైటెక్ సిటీ దాటి లింగంపల్లి వైపు వెళితే సురభి కాలనీ వస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచకవధ'తో మొదలుపెట్టిన నాటక సంప్రదాయాన్ని నిలబెడుతున్న కుటుంబాలు అక్కడున్నాయి.

ఆ ఇళ్లలో పిల్లలకు వేరే ఆడిషన్ ఎందుకు? మాటలు రాకముందే రంగస్థలం ఎక్కేస్తారు. కాస్త ఎదిగాక లోహితాస్యుడు, ప్రహ్లాదుడు, లవకుశులు లాంటి బాల పాత్రలు వేస్తారు. పద్యం పాడేటప్పుడు హార్మోనియం శ్రుతికి గొంతు కలవాలి. రాగం తీస్తున్నా పద్యంలో మాట విరగకూడదు. చివరి వరుసకీ వినపడాలి. పెద్దలు దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతారు గానీ, తెర పక్కన నిలబడి చూసి పట్టేసేదే ఎక్కువ.

ఐటీ టవర్లకు ఇంత చేరువలో ఈ విద్య ఉండటం మన అదృష్టం. మీ ఇంట్లో పాడే పిల్లలుంటే ఈసారి సురభి నాటకానికి తీసుకెళ్లండి. హార్మోనియం కనిపించేలా ముందు వరుసలో కూర్చోబెట్టండి.