ప్రజోద్యోగిని పని చేయించునదేమి?

(నంద్యాలలోని యొక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు బస్సులో, అహోబిలయాత్రకు బయలుదేరిన ముసలమ్మ యొకతె మూటతో నెక్కుచున్నదనుకొనుడు. ఒక కండక్టరు విసుగుకొనును. మఱియొకడు చేయి యందించి యెక్కించుకొనును. ఇరువురి జీతము నొక్కటియే, ఇరువురికి నియమావళియు నొక్కటియే. ఈ భేదమెక్కడనుండి వచ్చినది? నేటి నా ప్రసంగమున కిదియే విషయము.

జీతము చాలనిచో సేవాభావము నిలువదు. ఆకలిగొన్నవానికి ధర్మోపన్యాసము చేయుట పాపము. 2020 జనవరి 1వ తేదినుండి ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణాసంస్థ యుద్యోగులను ప్రభుత్వోద్యోగులుగా స్వీకరించిరి. నంద్యాల, ఆళ్లగడ్డ డిపోలవారికిని ఆ భద్రత లభించినది. అది న్యాయమే. అయితే భద్రత భయమును పోగొట్టును గాని, తనంతట తాను ఉత్సాహమును పుట్టింపజాలదు. అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గు 1959లో సహచరులతో ప్రకటించిన గ్రంథమున నిట్లే నిర్ణయించెను: జీతము, వసతులు కొఱవడినచో అసంతృప్తి కలుగును, అవి సమకూడినంతమాత్రమున పనియందు ప్రీతి కలుగదు. సాధించితినను తృప్తి, గుర్తింపు, బాధ్యత, ఇవియే ప్రీతికి మూలములు.

బహుమానధనము మాటయేమని మీరడుగవచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామములలోని ప్రభుత్వపాఠశాలలలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గారలు జరిపిన పరిశోధన 2011లో వెలువడినది. పిల్లల యభివృద్ధినిబట్టి ఉపాధ్యాయులకు బహుమానమిచ్చిరి. అది సగటున వార్షిక జీతములో నూటికి 3 వంతులు మాత్రమే. అయినను రెండేండ్లలో గణితమునందును భాషయందును పిల్లలు మెఱుగుపడిరి. ఇంత స్వల్పధనమున కంత ఫలమేల? పని చేయువానిని, చేయనివానిని ఒకే గాట కట్టక వేఱుగా గుర్తించుటయే యందులి బలమని నా యభిప్రాయము.

ఆళ్లగడ్డ శిల్పిని చూడుడు. అతనికిని కూలి కావలయును. కాని ఉలిదెబ్బ పడినకొలది రాతిలో దేవతాముఖము తేటపడుచుండుట నతడు కన్నులార గాంచును. మన కచేరీలోని గుమాస్తాకు ఆ భాగ్యము లేదు. అతడు కాగితమునే చూచును గాని, ఆ కాగితమువలన పింఛను పొందిన వితంతువు ముఖమును చూడడు. చేసిన మేలు కంటబడని పని త్వరలోనే వెట్టిచాకిరియగును.

ఉత్సాహమును చంపునది దారిద్ర్యముకంటె అన్యాయమే. నోటిమాట యాజ్ఞకు లొంగని చిన్న యుద్యోగి యొకడు బదిలీ కాగితముతో నా యొద్దకు వచ్చెను. "ఇకమీదట చెప్పినట్లే చేసెదనండి" అని యతడన్నమాట నేటికిని నన్ను ముల్లువలె గ్రుచ్చుచున్నది. ఆ యూరు పోగొట్టుకొన్నది ఒక యుద్యోగిని మాత్రమే కాదు, ఒక ధర్మబుద్ధిని. సివిల్ సర్వీసు అధికారులకు కనీస పదవీకాలము నిర్ణయింపవలెననియు, నోటిమాట యాజ్ఞలను వ్రాతపూర్వకముగా నమోదు చేయవలెననియు సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న టి.ఎస్.ఆర్. సుబ్రహ్మణ్యన్ వ్యాజ్యమున ఆదేశించెను. తీర్పు కాగితముపైనున్నది. దానికి ప్రాణము పోయవలసినది ప్రజాభిప్రాయము.

సోదరులారా! తప్పు ప్రభుత్వముదే యని చేతులు దులుపుకొనవచ్చునా? మన పని ముందు కావలెనని సిఫారసు తెచ్చువారము మనమే. వరుసలో నిలుచుటకు బదులు చేయి తడుపువారము మనమే. నిజాయితీపరుడు బదిలీయైననాడు నోరు మెదపనివారమును మనమే. ఫిర్యాదు వ్రాయుటలో మనకు చేయి జోరు; మెచ్చుకోలు వ్రాయుటలో మాత్రము పిసినారులము.

పరపాలనలో ఉద్యోగి దొరకు జవాబుదారి. స్వరాజ్యమున నతడు మనకు జవాబుదారి. కావున అతని సుగుణమును గుర్తించు బాధ్యతయు మనదే. చేయి యందించిన యా కండక్టరు పేరు తెలిసికొని, డిపో మేనేజరుకు రెండు పంక్తులు వ్రాయుడు. మన పని వీనికి తెలిసినదన్న నమ్మకము, జీతపుచీటిలో కనబడని జీతము.