బొండాం రుచి తెలుసుకుందాం

పాలకొల్లు వైపు నుంచి చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ గోదావరి దాటితే వచ్చేది దిండి. హౌస్‌బోట్ల కోసం వచ్చేవాళ్లు ఇక్కడ దిగగానే అడిగేది బొండాం. పైన చెక్కి, స్ట్రా వేసి ఇస్తే రెండు నిమిషాల్లో తాగేసి, బాగుందంటారు. ఎలా బాగుంది, దేనికన్నా బాగుంది అంటే జవాబు ఉండదు. కొబ్బరి చెట్ల మధ్య పుట్టి పెరిగిన మనమూ అంతే. దాహానికి తాగుతాం, జ్వరానికి తాగుతాం. రుచి కోసం ఆగి తాగేది తక్కువ. అలా తాగడం ఎలాగో ఈరోజు చెప్పుకుందాం.

ముందు ఒక ఉదాహరణ చూద్దాం. పోర్చుగల్‌లో డౌరో నది లోయలో పండే ద్రాక్షతో పోర్టు వైను చేస్తారు. రసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష నుంచి తీసిన సారా కలిపి పులియడం ఆపేస్తారు. అందుకే పండు తీపి కొంత అందులో మిగిలిపోతుంది. దాన్ని రుచి చూడటం తెలిసినవాళ్లు ఒక్క గ్లాసుతో తీర్పు చెప్పరు. చవక రకాలైనా సరే, రెండు మూడు పక్కపక్కన పెట్టుకుంటారు. ముందు రంగు చూస్తారు, తర్వాత వాసన, ఆఖరుకు రుచి. ఆ పద్ధతి నేర్చుకోవడానికి మద్యం అక్కర్లేదు. బొండాం నీళ్లతో అది ఇంకా బాగా కుదురుతుంది.

ఇందులో నియమం ఒక్కటే. రెండు మూడు బొండాలు తీసుకోండి. వాటి మధ్య తేడా ఒకే విషయంలో ఉండాలి. అప్పుడే ఆ తేడా నాలుకకు అందుతుంది.

మొదటి తేడా వయసు. ఒక కొబ్బరి చెట్టు కింద నిలబడి పైకి చూడండి. మంచి కాపు మీదున్న చెట్టు దాదాపు నెలకో గెల వేస్తుంది. అంటే పై గెలకూ దాని కింది గెలకూ ఇంచుమించు నెల తేడా. కాయ పూర్తిగా ముదరడానికి పదకొండు, పన్నెండు నెలలు పడుతుంది కాబట్టి ఆ వయసులన్నీ ఒకే చెట్టు మీద వరసగా కనిపిస్తాయి. దింపు కార్మికుడితో చెప్పి, ఒకే చెట్టు నుంచి ఐదో నెల కాయ ఒకటి, ఏడో నెల కాయ ఒకటి, తొమ్మిదో నెల కాయ ఒకటి దింపించుకోండి.

ఐదో నెల కాయలో కొబ్బరి ఇంకా కట్టదు. నీళ్లు పలచగా, కాస్త వగరుగా ఉంటాయి. ఏడో నెలకు లోపల లేత మీగడ పట్టి ఉంటుంది. తీపి నిండుగా ఉండేది అప్పుడే. ఆ తీపి ఎక్కువగా గ్లూకోజు, ఫ్రక్టోజులదే. తొమ్మిదో నెలకు కొబ్బరి గట్టిపడుతుంది, నీళ్లలో తీపి తగ్గుతుంది, కొబ్బరి వాసన పైకొస్తుంది. బాగా ముదిరిన కాయను చెవి దగ్గర ఆడిస్తే నీళ్లు గలగలమంటాయి. లేత బొండాం నిండుగా ఉంటుంది కాబట్టి చప్పుడు చేయదు. ఈ మూడూ వరసగా తాగినవాళ్లకు, మంచి బొండాం అంటే తియ్యటి బొండాం ఒక్కటే కాదని అర్థమవుతుంది. తీపి, వగరు, కొబ్బరి వాసన ఎంత పాళ్లలో కలిస్తే మనకు నచ్చుతుందో అప్పుడు తేల్చుకోవచ్చు.

రెండో తేడా రకం. మన తోటల్లో ఎక్కువగా కనిపించే పొడుగు చెట్లు ఈస్ట్ కోస్ట్ టాల్ రకానివి. వాటి పక్కన గంగాబొండం పెట్టి చూడండి. ఇది ఆకుపచ్చగా, బొప్పాయి ఆకారంలో పొడుగ్గా ఉంటుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఈ గంగాబొండం నుంచే బొండాల కోసం గౌతమి గంగను ఎంపిక చేసింది. ఈస్ట్ కోస్ట్ టాల్‌తో గంగాబొండాన్ని సంకరపరచి గోదావరి గంగను తయారుచేసింది. కేరళ నుంచి వచ్చిన నారింజ రంగు కాయల పొట్టి రకం చౌఘాట్ ఆరెంజ్ డ్వార్ఫ్ దొరికితే దాన్నీ కలపండి. బొండాల కోసం సిఫార్సు చేసిన రకం అది. అన్నీ ఏడో నెలవే కావాలి. వయసు మారిందంటే రకం సంగతి తేలదు.

మూడో తేడా నేల. ఒకే రకం, ఒకే వయసు బొండాలను అంబాజీపేట నుంచి ఒకటి, సముద్రానికి దగ్గరగా అంతర్వేది వైపు నుంచి ఒకటి తెప్పించండి. తీరం కాయలో ఉప్పదనం ఏమైనా తగులుతుందేమో శ్రద్ధగా చూడండి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలువ నీటిని గోదావరి వైనతేయ పాయ దాటించి రాజోలు వైపు తెచ్చింది గన్నవరం అక్విడక్టు. ఉప్పునీటి అంచున ఉన్న ఈ నేలకు కాలువ మంచినీరు ఎంత అవసరమో ఆ రెండు గ్లాసులు పట్టుకున్నప్పుడు ఆలోచించండి.

ఇక తాగే తీరు. స్ట్రా పక్కన పెట్టి గాజు గ్లాసులో పోయండి. స్ట్రాతో తాగితే ముక్కుకు వాసన సరిగా అందదు. ఐసు వేయకండి. బాగా చల్లబడితే తీపీ, వాసనా రెండూ అణిగిపోతాయి. కాయ కొట్టిన వెంటనే చిన్న గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, అప్పుడు మింగండి. మింగాక నాలుక మీద ఏం మిగిలిందో గమనించండి. రెండో కాయకు వెళ్లేముందు మామూలు మంచినీళ్లు ఒక గుక్క తాగండి. కొట్టి ఉంచిన నీళ్లు ఒక్కోసారి లేత గులాబీ రంగుకు తిరుగుతాయి. గాలి తగిలాక వాటిలోని ఎంజైములు చేసే పని అది. నిలవ ఉన్నకొద్దీ రుచి కూడా తగ్గుతుంది. నిలవ ఉండటానికి వేడి చేసి డబ్బాల్లో నింపిన నీళ్లలో తాజా బొండాంలోని పచ్చి వాసన ఉండదు. ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. బొండాం నీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరుని అడిగాకే తాగాలి.

నలుగురు స్నేహితులు కలిస్తే ఇదంతా ఒక్క పూటలో, కొద్ది ఖర్చుతో అయిపోయే పని. ఎవరికి ఏం తోచిందో ముందు ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోండి. ఆ తర్వాతే మాట్లాడుకోండి. లేకపోతే మొదట నోరు విప్పినవారి మాటే అందరి మాటా అవుతుంది.

దీనివల్ల ప్రయోజనం మన నాలుకతో ఆగిపోదు. బజారులో మనం బొండాన్ని సైజు చూసి కొంటున్నాం. రుచికి ధర కట్టడం లేదు. ఈసారి బొండాల బండి దగ్గర ఆగినప్పుడు ఇది ఏ రకం, ఎన్నో నెలది అని అడగండి. అడిగేవాళ్లు పెరిగితే అమ్మేవాళ్లు వేరుచేసి పెడతారు, రైతు రుచి చూసుకుని మొక్క నాటుతాడు. మంచి రకం పెంచిన రైతుకు తగిన ధర రావాలంటే, ఆ మంచితనాన్ని గుర్తుపట్టగలిగిన మనుషులు ముందు మన ఊళ్లలోనే తయారవ్వాలి.