న్యూటన్: అడవిలో పోలింగ్

2017లో వచ్చిన హిందీ సినిమా ‘న్యూటన్’ గురించి రెండు మాటలు.

ఛత్తీస్‌గఢ్ దండకారణ్యం. అక్కడో పోలింగ్ బూత్. ఓటర్లు వంద మంది కూడా లేరు. అయినా రూలు ప్రకారం పోలింగ్ జరగాల్సిందే అంటాడు ఎన్నికల అధికారి రాజ్‌కుమార్ రావ్. ఎందుకొచ్చిన గొడవ అంటాడు భద్రతా దళం అధికారి పంకజ్ త్రిపాఠీ. విమర్శకులు బాగా మెచ్చింది ఈ ఇద్దరి పోటీనే. దర్శకుడు అమిత్ మసూర్కర్ నవ్విస్తూనే గుచ్చాడన్నారు. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డూ వచ్చింది.

ఇరాన్ సినిమా ‘సీక్రెట్ బ్యాలెట్’కు కాపీ అన్నవాళ్లూ ఉన్నారు. పోలిక ఉంది, నిజమే. కానీ అభ్యర్థులెవరో కూడా తెలియని ఆ గోండు ఓటర్లు మాత్రం మనవాళ్లే. చూడకపోతే ఒకసారి చూడండి.