మూలుగ ఇస్తే ఎముక పోదు



“పెద్దాడికి తలసీమియా. మూలుగ ఇవ్వమంటే చిన్నాడి ఎముక తీసేస్తారటగదా?” అని ఒక తల్లి మమ్మల్ని అడిగింది. అమ్మా, ఎముక కోయరు. నల్లిబొక్కలో చూస్తామే, అలాంటి మెత్తని పదార్థమే మూలుగ. రక్తం తయారయ్యేది అందులోనే. మత్తుమందిచ్చి, తుంటి ఎముకలోంచి సూదితో కొంత తీస్తారు. కొన్నాళ్ళు నొప్పి ఉంటుంది. కొద్ది వారాల్లో మూలుగ మళ్ళీ ఊరుతుంది.

బ్లడ్ గ్రూపు కలిస్తే చాలదు, హెచ్.ఎల్.ఎ. కలవాలి. ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. కష్టమంతా రోగికే: పాత మూలుగను మందులతో నశింపజేసి, కొత్తది రక్తంలాగా ఎక్కిస్తారు. అది కుదురుకునేదాకా చీడపీడల భయం తప్పదు.

పరీక్షకు కాస్త రక్తం చాలు. సందేహముంటే డాక్టరునే అడుగుదాం. ఆలస్యం మాత్రం చేయొద్దని మా మనవి.