జీతం, లాభం, అమానతు

సకల స్తుతులు అల్లాహ్‌కే చెందుతాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక.

ధార్మిక సోదరులారా! ఒకరికి అప్పగించిన పనికి ఎంత ప్రతిఫలం ఇవ్వాలి, దానిని దేనితో ముడిపెట్టాలి అన్న ప్రశ్నను మనం గుమాస్తాల లెక్కగా భావిస్తాము. దైవప్రవక్త (స) ఆ ప్రశ్నను మింబరు మీదికి తెచ్చారు. బనూ సులైమ్ తెగ నుండి జకాత్ వసూలు చేయడానికి ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తిని వారు నియమించారు. అతడు తిరిగివచ్చి సొమ్మును రెండు భాగాలు చేసి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అన్న భావంతో అప్పగించాడు. ప్రవక్త (స) లేచి ప్రజలనుద్దేశించి ప్రసంగించారు. అతడు తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అన్నది వారి ప్రశ్న. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఈ ఉదంతం ఉంది. కుర్చీ తెచ్చిపెట్టిన ఆదాయాన్ని మనిషి తన సొంత ప్రతిభగా లెక్కవేసుకోవడం ఎంత సులభమో ఇక్కడే తెలుస్తోంది.

ఫలితాన్ని బట్టి ప్రతిఫలం ఇవ్వడం నిషిద్ధమని మేము చెప్పడం లేదు. యూసుఫ్ అధ్యాయంలో రాజుగారి పానపాత్రను తెచ్చినవారికి ఒక ఒంటె మోయగల ధాన్యం ఇస్తామన్న ప్రకటన ఉంది. ఫుఖహాలు దానిని ఆధారం చేసుకునే ఫలితానికి బహుమానం ప్రకటించడాన్ని అనుమతించారు. ముజారబత్ ఒప్పందంలోనూ వ్యాపారం నడిపేవాడికి లాభంలో వాటా ఉంది. కాని నష్టం వచ్చినప్పుడు సొమ్ము పెట్టినవాడికి సొమ్ము పోతుంది, శ్రమించినవాడికి శ్రమ పోతుంది. శ్రమించినవాడి ద్రోహం వల్లనో నిర్లక్ష్యం వల్లనో నష్టం వస్తే దానిని అతడే భరించాలి. నేటి పెద్ద కంపెనీలలో అనేకచోట్ల ఈ రెండో సగమే కనిపించదు. లాభం వచ్చిన ఏడాది బోనసు, షేర్లు. నష్టం వచ్చిన ఏడాది గౌరవంగా సాగనంపడానికి మరికొంత సొమ్ము.

మన తెలుగునాట అందరికీ తెలిసిన ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న ఆ సంస్థ అధిపతి బి. రామలింగరాజు డైరెక్టర్లకు లేఖ వ్రాసి నిజాన్ని ఒప్పుకున్నారు. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్ల లాభం చూపారు. నిజంగా వచ్చినది 61 కోట్లు. అదే లేఖలో ఆయన తానుగానీ మేనేజింగ్ డైరెక్టరుగానీ ఈ పెంచిన లెక్కల వల్ల ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని వ్రాసుకున్నారు. ఆ మాటను న్యాయస్థానం ఎలా చూసిందో పక్కన ఉంచి, ఒక్క క్షణం నిజమేననుకుందాము. మరి ఎందుకు చేశారు? దానికి ఆయనే కారణం చెప్పారు. యాజమాన్య కుటుంబం చేతిలో వాటాలు తక్కువ. ఫలితాలు బాగాలేవని తెలిస్తే కంపెనీ పరుల చేతికి పోతుంది, అప్పుడు లెక్కల తేడా బయటపడుతుంది. అంటే ఆయన కాపాడుకోవలసినది జీతం కాదు, ప్రతి మూడు నెలలకూ బజారుకు చూపవలసిన ఒక అంకె. మొదట చిన్న తేడాయే. దానిని కప్పడానికి మరుసటిసారి ఇంకొంచెం. లేఖ బయటికి వచ్చిన రోజునే షేరు ధర మూడొంతులకు పైగా పడిపోయింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో సహా 10 మందిని దోషులుగా నిర్ణయించింది. తరువాతి నెలలో అప్పీలులో శిక్ష అమలు నిలిచిపోయింది. ఆ షేర్లలో పొదుపు సొమ్ము పెట్టుకున్న మధ్యతరగతివారి నష్టానికి మాత్రం అప్పీలు లేదు.

ఒకనాడు దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. తడిసిన గింజలను పైనే ఎందుకు ఉంచలేదని వారు వ్యాపారిని నిలదీశారు. గూడూరు నిమ్మకాయల మార్కెట్టు ఎరిగిన మనకు ఈ హదీసును విడమరచి చెప్పవలసిన పనిలేదు. బస్తా మూతి దగ్గర నిగనిగలాడే కాయలు, అడుగున మచ్చకాయలు. బాలెన్స్ షీటు కూడా ఒక బస్తాయే, దాని మూతి దగ్గర పేర్చేవారి చదువు మాత్రం చాలా పెద్దది.

హజ్రత్ ఉమర్ (రజి) ప్రజాధనంలో తనకు ధర్మసమ్మతమైనది ఏమిటో స్వయంగా చెప్పారు: చలికాలానికి ఒకటి, వేసవికి ఒకటి చొప్పున రెండు జతల బట్టలు, హజ్‌కు వాహనం, ఖురైషులలో అతి ధనికుడూ అతి పేదవాడూ కాని మధ్యస్థుని స్థాయిలో తన ఇంటివారికి భోజనం. సామ్రాజ్యాధిపతి జీతానికి కొలమానం మధ్యస్థుడు! మన దేశపు 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ కూడా, షేరు బజారులో నమోదైన ప్రతి కంపెనీ తన డైరెక్టర్ల జీతం మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో ఏటా ప్రకటించాలంటుంది. డైరెక్టర్లందరికీ, మేనేజరుకు కలిపి ఇచ్చే ప్రతిఫలానికి నికర లాభంలో 11 శాతం పరిమితి పెట్టి, వాటాదారుల సమావేశపు ఆమోదంతో దానిని దాటవచ్చని దారి కూడా చూపింది. ప్రకటించడం మంచిదే. కాని ఉమర్ (రజి) ఆ మధ్యస్థుని పక్కన కూర్చుని తిన్నారు, మనం అతని అంకెను వార్షిక నివేదిక వెనుక పేజీలలో అచ్చువేస్తున్నాము.

పైవారి అంకె కిందివారి మెడకు ఎలా చుట్టుకుంటుందో కూడా చూడాలి. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సిబ్బంది అమ్మకాల టార్గెట్లు చేరలేక ఖాతాదారులకు తెలియకుండా లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచారు. 2016లో సంగతి బయటపడేనాటికి బ్యాంకు 5,300 మందిని ఉద్యోగాల నుండి తొలగించింది. వారిలో అత్యధికులు చిరుద్యోగులు. పెద్ద అధికారి 4.1 కోట్ల డాలర్ల విలువైన షేర్లు వదులుకున్నాడు, తరువాత పదవీ విరమణ చేశాడు. మన యువకులలోనూ ఫైనాన్సు కంపెనీల వసూళ్లకు, సెల్‌ఫోను అమ్మకాలకు వెళ్ళేవారున్నారు. తమ ఇన్సెంటివ్ హలాలేనా అని మమ్మల్ని అడుగుతుంటారు. వడ్డీ వసూలు సంగతి వేరుగా చెప్పవలసిన పనిలేదు. మిగిలిన పనులలో మేము వారిని తిరిగి అడిగేది ఇదొక్కటే: ఆ డబ్బు వచ్చే దారి మొత్తం, మీకు అమ్మిన ప్రతి మాటతో సహా, కొనేవాడి ముందు విప్పి చెప్పగలరా?

ఇక మన ఇంటి సంగతి. రంజాన్ మాసంలో మదరసాల తరఫున రసీదు పుస్తకాలతో సఫీర్లు వస్తారు. కొన్నిచోట్ల వారికి నెలజీతం ఉండదు, వసూలైన చందాలో సగమో మూడోవంతో కమిషను. జకాత్ వసూలు చేసేవారికి ఖుర్ఆన్‌లో హక్కు ఉంది కదా అంటారు. అది పాలకుడు నియమించినవారికి సంబంధించినదని, ఎంత వస్తుందో తెలియని చందాలో శాతం ఇవ్వడం సరికాదని అనేకమంది ఉలమాలు చెప్పారు, తెలిసిన జీతం ఇవ్వమన్నారు. అనాథ పిల్లవాడి భోజనానికని మీరిచ్చిన 100 రూపాయలలో 50 దారిలోనే తగ్గిపోయిందని మీకు తెలియదు. ఇక్కడ సఫీరును తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు, ఎండలో తిరిగే అతనికి ఇల్లు గడవాలి. ఆ ఒప్పందం వ్రాసినవారే జవాబుదారులు. కనుక కమిటీ పెద్దలకు మా మనవి: రంజాన్ రాకముందే రసీదు పుస్తకం పట్టే ప్రతి ఒక్కరికీ ఇంటి ఖర్చుకు సరిపడే నెలజీతం నిర్ణయించండి, ఆ మొత్తాన్ని మస్జిదు నోటీసు బోర్డు మీద అందరికీ కనిపించేలా వ్రాసిపెట్టండి.

అఖూలు ఖౌలీ హాజా, వ అస్తగ్‌ఫిరుల్లాహ లీ వ లకుమ్.