పాత బండి ఎందుకు మొరాయిస్తుంది?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి చెప్పడానికి నాకన్నా తెలిసినవారు ఈ వేదిక మీద ఉన్నారు. నన్ను అడిగిన విషయం వేరు. మనలో చాలామందిమి ఇంకా పాత చేతక్, ఎల్.ఎం.ఎల్., పాత స్ప్లెండరు బళ్లమీదే ట్రెజరీకి, బ్యాంకుకి, రైతుబజారుకి తిరుగుతున్నాము. ఆ బండి సరిగా లాగక మొరాయిస్తే ముందుగా ఏమి చూసుకోవాలో నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మెకానిక్‌ను కాను, గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కాకపోతే సర్వీసులో ఉండగా కొన్న చేతక్‌ను ఇప్పటికీ నేనే విప్పి బిగించుకుంటున్నాను. ఆ మాత్రం అర్హతతోనే మాట్లాడుతున్నాను.

ఇది ఖర్చుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. భీమడోలు దగ్గరో, తాడేపల్లిగూడెం పొలిమేరలోనో హైవేను అడ్డంగా దాటుతూ ఎక్సలేటరు ఇస్తాము. బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్లు ఆగి, ఆ తరువాత అందుకుంటుంది. ఆ ఒక్క క్షణంలో వచ్చే లారీ ఆగదు. డెబ్బై దాటిన మనకు చటుక్కున దిగి బండి తోసుకుంటూ పక్కకు పోయే ఓపికా లేదు.

ఇక ఖర్చు సంగతి. గూడెం వైపు మిత్రుడొకరికి చేతక్ ఉంది. ఇంటి దగ్గర ఒక కిక్కుకే స్టార్టయ్యేది. పెంటపాడు చేరేలోపు నీరసించి ఆగిపోయేది. అయిదు నిముషాలు చెట్టు నీడన కూర్చుంటే మళ్లీ స్టార్టయ్యేది. ఒక షెడ్డులో చూపిస్తే బోరు పోయింది, పిస్టను, రింగులు మార్చి బోరు వేయించాలన్నారు. ఎస్టిమేటు ఆయన నెల పెన్షనులో మంచి భాగమే. ఆయన ఫోను చేస్తే నేనొక్కటే చెప్పాను. ఈసారి ఆగినపుడు సీటు ఎత్తి ట్యాంకు మూత తీసి చూడమన్నాను. మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోపలికి పోయిందట, బండి వెంటనే స్టార్టయిందట. మూతకు గాలి ఆడటానికి సన్నని రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోయింది. పెట్రోలు దిగేకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి కదా! రాకపోతే పెట్రోలు కిందికి దిగడం మానేస్తుంది. సన్నని తీగతో పొడిస్తే తీరిపోయిన జబ్బు అది.

అందుచేత నా మనవి ఏమంటే, మెకానిక్ దగ్గరకు వెళ్లి ‘బండి లాగడం లేదండీ’ అని మాత్రం చెప్పవద్దు. ఎప్పుడు లాగడం లేదో చెప్పండి. మనం సర్వీసులో నోటు లేని ఫైలు మీద ఆర్డరు వేయించామా? ఇదీ అంతే. ఒక కాగితం మీద రాసుకోండి: చల్లగా ఉన్నపుడా, వేడెక్కాకా, ఎన్ని కిలోమీటర్లకు, ట్యాంకు నిండుగా ఉన్నపుడా, రిజర్వులోనా, వాన పడ్డ మర్నాడా, ఏ బంకులో పోయించిన తరువాత. నాలుగు రోజులు రాస్తే సగం రోగం ఆ కాగితం మీదే తేలుతుంది.

ఆగినచోట ఆగి, కదిలితే బాగా పోయే బండికి సాధారణంగా కార్బొరేటరులోని చిన్న జెట్టు, అంటే స్లో స్పీడు జెట్టు, పూడుకుని ఉంటుంది. నిలబడి ఉన్నపుడు బాగానే కొట్టుకుంటూ పూర్తిగా ఎక్సలేటరు ఇస్తే గొంతు పట్టేసే బండికి పెద్ద జెట్టో, పెట్రోలు వచ్చే దారిలోని జల్లెడో అడ్డుపడి ఉంటుంది. జెట్టును గాలితో ఊదించాలి, గుండుసూదితో కెలకకూడదు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా లెక్క తప్పుతుంది.

ఇంకొక పరీక్ష నాకు చాలా ఇష్టం. ఇంజను వేడిగా ఉండి తడబడుతున్నపుడు చోక్ కొద్దిగా లాగండి. పరిస్థితి మెరుగైతే ఇంజనుకు పెట్రోలు తక్కువ అందుతోందని, లేదా ఎక్కడో దొంగగాలి చొరబడుతోందని అర్థం. ఇంకా పాడైతే పెట్రోలు ఎక్కువైందన్నమాట. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు, ఫ్లోటు సూది అరిగి ఉండవచ్చు. ప్లగ్గు విప్పి చూస్తే ఇదే సాక్ష్యం దొరుకుతుంది. బిస్కట్టు రంగులో ఉంటే బాగున్నట్లు, తెల్లగా మాడితే పెట్రోలు చాలనట్లు, నల్లగా మసి పడితే ఎక్కువైనట్లు. టూటీ ఆయిల్ మోతాదు మించి పోసినా మసి పడుతుంది. ‘ఇంకాస్త పోస్తే ఇంజనుకు మంచిది’ అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. సైలెన్సరు కూడా దానివల్లే మూసుకుపోతుంది.

ఇప్పుడు పెట్రోలు సంగతి. 2003లో మన రాష్ట్రంతో సహా కొన్ని రాష్ట్రాలలో 5 శాతం ఇథనాలు కలపడం మొదలైంది. 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. చెరుకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీసే సారాయి వంటి పదార్థమే ఇది. లీటరుకు లీటరు చూస్తే దీనిలో శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడోవంతు తక్కువ. కొత్త బళ్లలో కంప్యూటరు కొంతవరకు సర్దుకుంటుంది. మన కార్బొరేటరుకు ఆ తెలివి లేదు, జెట్టు ఎంతుంటే అంతే పోస్తుంది. పాత రబ్బరు పైపులు, వాషర్లు కూడా ఇథనాలుకు ఉబ్బడమో, పెళుసెక్కడమో జరుగుతుంది. పైపు మార్పించడం పెద్ద ఖర్చు కాదు, వాయిదా వేయకండి. కారుతున్న పైపు కింద వేడి ఇంజను ఉంటుందని మరువకండి. అలాగని ప్రతి తడబాటునూ ఇథనాలు ఖాతాలో రాయడం కూడా నాకు నచ్చదు. ముప్ఫై ఏళ్ల పాయింట్లు, కండెన్సరు అలసిపోతే దానికి పెట్రోలు ఏమి చేస్తుంది?

మన ప్రాంతానికి మాత్రం ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పెట్రోలుకు నీటితో పొసగదు, ఇథనాలుకు నీటితో స్నేహం. కొల్లేటి గాలిలో తేమ మీకు తెలియనిది కాదు. కొంతవరకు ఆ నీరు పెట్రోలులో కలిసే ఇంజనులో మండిపోతుంది. హద్దు దాటితే నీరు, ఇథనాలు రెండూ జత కట్టి ట్యాంకు అడుగుకు దిగుతాయి. అప్పుడు ఒక విచిత్రం కనబడుతుంది. మామూలుగా బాగా నడిచిన బండి రిజర్వుకు తిప్పగానే మిస్సింగ్ కొడుతుంది. రిజర్వు అడుగునుంచి తీస్తుంది గనుక! అనుమానముంటే పైపు ఊడదీసి పారదర్శకమైన గాజుసీసాలోకి కాస్త పెట్రోలు పట్టి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర, మధ్య గీత కనిపిస్తే ట్యాంకు కడిగించాలి. ఇది ఆరుబయట చేయాలి. దీపం, బీడీ, పొయ్యి దగ్గర వద్దు. పైపును నోటితో పీల్చే పాత అలవాటు పూర్తిగా మానాలి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలోకి వచ్చినపుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీద కూడా నీరు పారింది. అలాంటి నీటిలో బండి ఆగితే కిక్కులు కొట్టకండి. తోసుకుని బయటకు తెచ్చి, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, కార్బొరేటరు గిన్నె విప్పి ఆరబెట్టిన తరువాతే ప్రయత్నించాలి. లంక గ్రామాలలో కొట్ల ముందు సీసాలలో అమ్మే పెట్రోలు అత్యవసరమైతే తప్ప పోయించవద్దు. బంకులో అనుమానముంటే ఫిల్టరు పేపరు పరీక్ష, అయిదు లీటర్ల కొలత పరీక్ష అడిగే హక్కు మనకుంది. మొహమాటపడకండి.

కార్లు ఉన్నవారికి ఒక్క మాట. పాత కార్బొరేటరు మారుతి మే నెల ఎండలో ట్రాఫిక్కులో ఆగి, చల్లబడ్డాక స్టార్టయితే పెట్రోలు పైపులో ఆవిరి పట్టిందేమో చూడండి. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, పావుగంట ఆగితే చాలు.

ఇక మనలో చాలామంది పిల్లల దగ్గరకు హైదరాబాదో, అమెరికానో వెళ్లి ఆరు నెలలకు వస్తారు. వచ్చేసరికి బండి కదలదు. కార్బొరేటరులో నిలిచిన పెట్రోలు ఆవిరై, జిగురు మిగిలి జెట్లు మూసుకుంటాయి. బయలుదేరే ముందు రోజు పెట్రోలు ట్యాప్ కట్టేసి, ఇంజను దానంతటదే ఆగేవరకు నడపండి. ట్యాంకులోని పెట్రోలు కూడా తీయించేస్తే ఇంకా మంచిది. తాళంచెవి పక్కింటి కుర్రాడికి ఇచ్చి ‘వారానికోసారి స్టార్ట్ చేయి బాబూ’ అని చెప్పి వెళితే ఆ కుర్రాడు ఎక్కడెక్కడ తిరుగుతాడో నేను హామీ ఇవ్వలేను.

టీ తాగాక నా స్కూటరు బయట మెట్ల పక్కనే ఉంటుంది. స్పానరు, ప్లగ్ పానా డిక్కీలో ఉన్నాయి. మూతలో రంధ్రం, జెట్లు, రిజర్వు పైపు ఎక్కడుంటాయో చూడదలచినవారు అక్కడికి రండి, విప్పి చూపిస్తాను.